లైట్లు వేసినవాళ్ళ పేరూ చదవండి: నాటక పరిషత్తుల నిర్వాహకులకు బహిరంగ లేఖ

నాటక పోటీలు నడిపే గౌరవనీయులైన పరిషత్తుల నిర్వాహకులకు, న్యాయనిర్ణేతలకు నమస్కారం.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నాటకం, నాటిక ఇంకా ఆడుతున్నాయంటే అది మీ చలవే. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. అప్పటి నుంచి మన మంచి నటుల్లో, రచయితల్లో, దర్శకుల్లో ఎంతోమంది పోటీ వేదికల మీదే వెలుగులోకి వచ్చారు. ఊరంతా తిరిగి చందాలు పోగుచేసి, బయటి నుంచి వచ్చే నాటక సమాజాల వాళ్ళకు బస, భోజనం చూసి, అర్ధరాత్రి దాటేదాకా హాల్లో కూర్చునే మీ కష్టం నాకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

నేను నాటకాలకు లైట్లు వేసేవాణ్ణి. లైటింగ్‌ను నాటకంలో భాగంగా చూడండి, దానికి కావలసిన చీకటి, సమయం, పేరు ఇవ్వండి అని మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ కోరిక వెనక ఒక మనిషి జీవితం ఉంది. ముందు ఆయన గురించి చెప్పనివ్వండి.

తాపస్ సేన్ 1924 సెప్టెంబర్ 11న అస్సాంలోని ధుబ్రీలో పుట్టారు, ఢిల్లీలో పెరిగారు. ఇప్టాలో, అంటే భారతీయ ప్రజా నాటక సంఘంలో పనిచేశారు. మన ప్రజానాట్యమండలి ఏ ఉద్యమానికి తెలుగు శాఖో, ఆయన వచ్చిందీ ఆ ఉద్యమంలో నుంచే. 1947 ప్రాంతంలో కలకత్తా చేరారు. ఋత్విక్ ఘటక్, మృణాల్ సేన్, సలీల్ చౌధురి వంటివాళ్ళు అక్కడ ఆయన స్నేహితులు. అందరూ కుర్రవాళ్ళు, ఎవరి చేతిలోనూ డబ్బు లేదు. ఆ స్నేహితుల్లో చాలామంది సినిమాకు వెళ్ళి పేరు తెచ్చుకున్నారు. ఈయన మాత్రం రంగస్థలం పక్కన, చీకట్లో, స్విచ్చుల దగ్గర ఉండిపోయారు. 2006 జూన్ 28న కన్నుమూసేదాకా అదే పని. భారతీయ నాటకరంగంలో లైటింగ్ అనేది ఎలక్ట్రీషియన్ పని కాదు, ఒక కళ అని ఒప్పించినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు ఆయనది. ఆయనకు ముందు సతూ సేన్ ఉన్నారు. అమెరికా వెళ్ళి పని నేర్చుకుని వచ్చి, 1930లలోనే కలకత్తా రంగస్థలానికి కొత్త సాంకేతికత తెచ్చిన మహానుభావుడు. కానీ ప్రేక్షకుడు లైటింగ్ మనిషి పేరు గుర్తుపెట్టుకుని టికెట్టు కొనడం తాపస్ సేన్‌తోనే మొదలైందని నా నమ్మకం.

ఆయన పని మొదలుపెట్టిన కాలంలో సామాను ఏముందో ఒక్కసారి ఊహించండి. దీపం వెలుగును పెంచి తగ్గించే డిమ్మర్ కొనగలిగిన సమాజాలు తక్కువ. పింగాణీ గొట్టంలోనో జాడీలోనో ఉప్పునీళ్ళు పోసి, అడుగున ఒక లోహపు పలక పెట్టి, ఇంకో పలకను పైనుంచి దించేవాళ్ళు. రెండు పలకలూ దగ్గరయ్యే కొద్దీ కరెంటు ఎక్కువ పారి దీపం వెలుగుతుంది. పైకి లాగే కొద్దీ మసకబారుతుంది. నీళ్ళు వేడెక్కుతాయి, పొగలు కక్కుతాయి, ఉప్పు ఎక్కువైతే ఒక లెక్క, తక్కువైతే ఇంకో లెక్క. చెయ్యి జారితే ప్రాణం పోతుంది. స్పాట్ లైటు కావాలంటే డబ్బా రేకు కత్తిరించి, బల్బు బిగించి, ముందు భూతద్దం పెట్టి సొంతంగా చేసుకోవలసిందే. ఇలాంటి సామానుతోనే ఆయన తరం పని నేర్చుకుంది.

1954లో శంభు మిత్ర దర్శకత్వంలో బహురూపీ సమాజం ఠాగూర్ 'రక్తకరబి' ఆడింది. రంగాలంకరణ ఖాలెద్ చౌధురి, లైటింగ్ తాపస్ సేన్. భూమిలో నుంచి బంగారం తవ్వి తీసే యక్షపురి అది. ఆ ఊరి రాజు వల వెనక ఉంటాడు. అతను కనిపించడు, గొంతు మాత్రం వినిపిస్తుంది. అందరి మధ్య ఎర్ర గన్నేరు పూలు పెట్టుకున్న నందిని తిరుగుతుంటుంది. ఈ నాటకాన్ని ప్రదర్శించడం సాధ్యం కాదని, ఇది చదువుకోవడానికే పనికొస్తుందని చాలామంది అనుకుంటున్న రోజులవి. కనిపించని రాజు అక్కడ ఉన్నాడని ప్రేక్షకుడు నమ్మాలంటే ఆ వల వెనక ఎంత చీకటి ఉండాలి, వల మీద ఎంత వెలుగు పడాలి? కాస్త ఎక్కువైతే వెనక నిలబడిన నటుడు కనిపించి రాజు మాయమవుతాడు. మరీ తగ్గితే అక్కడ నల్లగుడ్డ తప్ప ఏమీ మిగలదు. లైట్లు వేసేవాళ్ళకు ఈ కొలత ఎంత కష్టమో తెలుసు. అది ఒక్క సాయంత్రంలో తేలేది కాదు. నటులు, దర్శకుడు, రంగాలంకరణ చేసినవాళ్ళు, లైటింగ్ మనిషి కలిసి చీకటి హాల్లో కూర్చుని మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి.

1964లో అదే సమాజం 'రాజా', 'రాజా ఈడిపస్' నాటకాలను చీకటి నాటకాలు అంటూ జంటగా ముందుకు తెచ్చింది. 'రాజా'లో రాణి తన భర్తను చీకటి గదిలోనే కలుసుకుంటుంది. చీకటే అక్కడ ఒక పాత్ర. మన పరిషత్తు హాళ్ళలో ఆ నాటకం ఆడగలమా అని నేను తరచూ ఆలోచిస్తుంటాను. న్యాయనిర్ణేతల బల్ల మీద దీపం వెలుగుతుంటుంది. వీడియో తీసేవాళ్ళ లైటు నటుడి ముఖాన నేరుగా పడుతుంటుంది. తలుపు తీసి వేసినప్పుడల్లా బయటి ట్యూబ్‌లైటు వెలుతురు వేదిక దాకా పాకుతుంది. ఆ చీకటి ఏ సమాజమూ వెంట తెచ్చుకోగలిగింది కాదు, హాలు మీది కాబట్టి మీరే ఇవ్వాలి.

తాపస్ సేన్ పేరు ఊరూరా తెలిసింది మాత్రం 'అంగార్'తో. 1959 చివరి రోజున కలకత్తా మినర్వా థియేటర్లో ఉత్పల్ దత్ లిటిల్ థియేటర్ గ్రూప్ మొదటిసారి ఆడిన నాటకం అది. బొగ్గుగని కథ. గనిలో మంటలు లేస్తాయి. కింద కార్మికులు ఇంకా ఉన్నారని తెలిసీ, బొగ్గు కాలిపోకుండా యాజమాన్యం గనిలోకి నీళ్ళు వదులుతుంది. చివరి దృశ్యంలో నీటిమట్టం పెరుగుతూ పెరుగుతూ మనుషులను ముంచేస్తుంది. వేదిక మీద చుక్క నీరు లేదు. రవిశంకర్ సంగీతం, నిర్మల్ గుహ రాయ్ కట్టిన గని, నటుల శరీరాలు, వాటి మీద కదిలే వెలుగు నీడలు, అంతే. ప్రేక్షకులు కుర్చీల్లో కూర్చునే ఊపిరాడక గిలగిలలాడారు.

సాంకేతికంగా ఆ దృశ్యం గురించి అనవలసిన మాట ఒకటుంది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయని లైటు చెప్పేసరికి నటుడి నడక బరువెక్కాలి. ఛాతీ దాకా వచ్చాయని చెప్పేసరికి అతని చేతులు పైకి లేవాలి. గొంతు దాకా వచ్చాక మాట మారాలి. ఒక్క నటుడు ఆ గీతను మరిచిపోయినా నీళ్ళు అబద్ధమైపోతాయి. అంటే లైటు మార్పులు నటులకు కంఠస్థం కావాలి, నటుల కదలికలు లైటింగ్ మనిషికి కంఠస్థం కావాలి. మినర్వా అప్పుడు ఆ సమాజం చేతిలో ఉంది. వేదిక వాళ్ళది, సమయం వాళ్ళది, చీకటి వాళ్ళది. ఆ ప్రతిభ పండడానికి ఆ మూడూ నేల.

అదే ఏడు విశ్వరూప థియేటర్లో తృప్తి మిత్ర నటించిన 'సేతు'లో రైలును రప్పించారు ఆయన. వెలుగుతో, చప్పుడుతో దూసుకొచ్చిన ఆ రైలును చూడడానికే జనం టికెట్లు కొన్నారని చెబుతారు. ఇక్కడే విమర్శ కూడా వచ్చింది. లైటింగ్ నాటకాన్ని మింగేస్తోంది, జనం కథను వదిలేసి గారడీ చూడడానికి వస్తున్నారు అని. ఆ విమర్శను నేను తేలిగ్గా తీసుకోను. పరిషత్తు పెద్దల్లో కొందరు నాతో అనే మాట కూడా దాదాపు ఇదే: ‘రంగురంగుల లైట్లు తిప్పితే నాటకం రికార్డింగ్ డ్యాన్స్ అవుతుందయ్యా.’ నిజమే, అవుతుంది. ఏడుపు సీనుకు నీలం, కోపానికి ఎరుపు, ప్రేమకు గులాబీ వేసి చేతులు దులుపుకునే పద్ధతి మన దగ్గర ఉంది. దాన్ని నేను సమర్థించను. కానీ 'సేతు'లో రైలు తెచ్చిన చెయ్యే 'రక్తకరబి'లో వల వెనక చీకటిని కాపాడింది. ఎప్పుడు కనిపించాలో, ఎప్పుడు కనిపించకుండా పని చెయ్యాలో తెలిసిన మనిషి కావాలి. ఆ తెలివిడి దర్శకుడితో నెలల తరబడి కూర్చుంటే వస్తుంది. పోటీ రోజు సాయంత్రం అద్దె సామాను దించుకుంటే రాదు.

1965లో 'కల్లోల్' వచ్చింది. 1946 నౌకాదళ తిరుగుబాటు కథ. సురేశ్ దత్త మినర్వా వేదిక మీద ఖైబర్ అనే యుద్ధనౌకను నిలబెట్టారు, తాపస్ సేన్ దానికి సముద్రాన్ని ఇచ్చారు. నాటకం రాజకీయంగా మంట రేపింది. పెద్ద పత్రికలు ప్రకటనలు వెయ్యడం మానేశాయి. ఉత్పల్ దత్‌ను విచారణ లేకుండా జైల్లో పెట్టారు. అప్పుడు కలకత్తా గోడల మీద పోస్టర్లు పడ్డాయి: ‘కల్లోల్ చల్ఛే, చల్బే.’ ఆడుతోంది, ఆడుతూనే ఉంటుంది. ఆ నినాదం తాపస్ సేన్‌దేనని అక్కడి రంగస్థలం ఇప్పటికీ చెప్పుకుంటుంది. లైట్లు వేసే మనిషి పోస్టరు మీద మాటల గురించి ఎందుకు ఆలోచించాడు? నాటకం తనది కాబట్టి. అది ఆడకపోతే తన గుండె ఆగినంత పని కాబట్టి. తనను కూలికి పిలిచిన మనిషిలా కాకుండా సమాజంలో ఒకడిగా చూశారు కాబట్టి.

1974లో సంగీత నాటక అకాడమీ ఆయనకు అవార్డు ఇచ్చింది. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు. తరవాత 1985లో పారిస్‌లో, 1987లో సోవియట్ యూనియన్‌లో భారత ఉత్సవాలకు దీపాలు వెలిగించే పని ఆయన చేతికి వచ్చింది. డబ్బా రేకులతో మొదలైన తరం మనిషి అక్కడిదాకా వెళ్ళడం తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక మన సంగతి.

మన దగ్గర లైటింగ్ సంప్రదాయం లేదని నేను అనను. సురభి వాళ్ళు ఉన్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' ఆడిన నాటి నుంచి ఆ కుటుంబాలు వేదిక మీద మాయను తరం నుంచి తరానికి అందిస్తున్నాయి. వాళ్ళ 'మాయాబజార్' చూసి నోరు తెరవని పిల్లవాడు ఉండడు. అది ఎలా సాధ్యమైంది? అక్కడ పుట్టిన బిడ్డ వింగ్స్‌లో నిలబడే పెరుగుతుంది. తెర లాగేవాడు, లైటు వేసేవాడు, ఘటోత్కచుడు ఒకే ఇంటివాళ్ళు. సామాను సొంతం, రిహార్సల్ రోజూ. మినర్వాలో తాపస్ సేన్‌కు దొరికినవీ ఇవే.

పోటీకి వచ్చే సమాజానికి ఇవేవీ లేవు. పల్లెల నుంచి, చిన్న పట్టణాల నుంచి వ్యాన్ ఎక్కి వస్తారు. రోజుకు నాలుగైదు నాటికలు. ముందు సమాజం సెట్టు తీస్తుండగానే వీళ్ళ సెట్టు ఎక్కాలి. లైట్లు అద్దె షాపువాళ్ళవి, మొదటి రోజు ఎలా కట్టారో చివరి రోజు దాకా అలాగే ఉంటాయి. అన్ని నాటికలకూ వేదికంతా ఒకేలా పడే ఒకే జనరల్ లైట్.

ఒక పోటీలో జరిగింది చెబుతాను. ఊరి పేరు, పరిషత్తు పేరు అనవసరం. మా నాటిక చివర ఒక ముసలి రైతు వాకిట్లో నులకమంచం మీద కూర్చుని కొడుకు ఉత్తరం చదివించుకుంటాడు. సందెవేళ. ఉత్తరం మొదలైనప్పుడు ఎండ అతని మోకాళ్ళ మీద ఉండాలి. చదువుతున్న కొద్దీ అది జారిపోయి, చివరి వాక్యానికి అతని చేతుల మీద మాత్రమే మిగలాలి. మాటలు అయిపోయాక ఆ చేతులు కూడా నెమ్మదిగా చీకట్లో కలవాలి. ఒక నిమిషం పైగా పట్టే ఫేడ్ అవుట్ అది. మా ఊరి స్కూలు హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి ఎన్నో రాత్రులు చేసి చూసుకున్నాం. పోటీ రోజున వెళ్ళి చూస్తే బోర్డు మీద స్విచ్చులే తప్ప డిమ్మర్ లేదు. ఉన్న ఒక్క డిమ్మర్ పెట్టె కట్టలు విప్పకుండా పక్కనే ఉంది. కనెక్షన్ మార్చడానికి పది నిమిషాలు అడిగాం. టైము లేదన్నారు. బోర్డు ముట్టుకోనివ్వలేదు. చివరి వాక్యం అవుతూనే టక్కుమని అన్నీ ఆరిపోయాయి. ముసలాయన పాత్ర వేసిన మా నటుడు అప్పుడప్పుడే చేతులు దగ్గరకు తీసుకుంటున్నాడు. ఆ చేతులను ఎవరూ చూడలేదు. తెర పడ్డాక ఆయన అన్న మాట ఒక్కటే: ‘నేనింకా పూర్తి చెయ్యలేదురా.’

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. షాపు కుర్రాడు పొద్దుటి నుంచీ నిలబడి ఉన్నాడు. కార్యదర్శికి ఇంకా రెండు నాటికలు ముగించాలి. లోపం ఏర్పాటులో ఉంది, ఏర్పాటు మీ చేతుల్లో ఉంది.

సామాను కొరత అని ఇప్పుడు ఎవరూ అనలేరు. ఎల్‌ఈడీ పార్ లైట్లు పెళ్ళి పందిళ్ళ దాకా వచ్చాయి. వేల రకాల రంగులు, ఒక చిన్న బోర్డు మీద నుంచి అన్నిటినీ నడిపించే వీలు ఉన్నాయి. తాపస్ సేన్ కలలో కూడా చూడనంత సామాను ఇవాళ మండల కేంద్రంలో అద్దెకు దొరుకుతుంది. లేనిది సమయం, గౌరవం.

అందుకని నా విన్నపాలు వినండి. ప్రవేశపత్రంతో పాటే మీ వేదిక మీద ఏ లైటు ఎక్కడ కడతారో, ఎన్ని డిమ్మర్ ఛానళ్ళు ఉంటాయో కాగితం మీద గీసి సమాజాలకు పంపండి. ఇందుకు రూపాయి ఖర్చు లేదు. ఆ పటం చేతికొస్తే మేము రిహార్సల్ దశలోనే దానికి తగ్గట్టు ఆలోచించుకుంటాం. రోజుకు ఒక నాటిక తగ్గించండి. మిగిలిన గంటలో ఆ రోజు ఆడే సమాజాలకు పొద్దున పూట తలా పదిహేను నిమిషాలు లైట్లు సరిచూసుకునే అవకాశం వస్తుంది. ఎక్కువ సమాజాలు రావాలన్న మీ కోరిక నాకు అర్థమవుతుంది, ఆ సంఖ్య దాతలకు చెప్పుకోవడానికి బాగుంటుంది కూడా. కానీ సగం ఉడికిన అయిదు నాటికల కన్నా పూర్తిగా ఉడికిన నాలుగు చూసినప్పుడే ప్రేక్షకుడు మరుసటి రోజు మళ్ళీ వస్తాడు. ప్రదర్శన జరిగేటప్పుడు బోర్డు దగ్గర ఆ సమాజం మనిషిని కూర్చోనివ్వండి, షాపు కుర్రాడు పక్కన ఉంటే చాలు. అతనూ పని నేర్చుకుంటాడు. రేపటి లైటింగ్ కళాకారుడు అతనే కావచ్చు.

న్యాయనిర్ణేతలకు ప్రత్యేకంగా ఒక మాట. మీ బల్ల దీపానికి అట్టముక్క అడ్డం పెట్టుకోండి. మార్కులు వేసేటప్పుడు లైటింగ్‌ను రంగాలంకరణలో కలిపెయ్యకుండా విడిగా చూడండి. ఉత్తమ నటుడికి, ఉత్తమ ఆహార్యానికి, ఉత్తమ సంగీతానికి బహుమతి ఉన్నప్పుడు ఉత్తమ లైటింగ్‌కు ఎందుకు ఉండకూడదు? ఈ ఆలస్యం మనకొక్కరికే కాదు. న్యూయార్క్‌లో జీన్ రోసెంతాల్ అనే ఆవిడ మార్తా గ్రాహం నృత్యాలకు, 'వెస్ట్ సైడ్ స్టోరీ' వంటి నాటకాలకు లైటింగ్ చేసి, ఈ వృత్తికి ఒక రూపం ఇచ్చింది. ఆవిడ 1969 మే 1న చనిపోయింది. అక్కడి నాటకరంగానికి ఇచ్చే టోనీ అవార్డుల్లో లైటింగ్‌కు విడిగా బహుమతి మొదలైంది 1970లో. బతికుండగా ఇవ్వవలసిన గౌరవం ఏడాది ఆలస్యమైంది. మన దగ్గర లైట్లు వేస్తూ ముసలివాళ్ళైపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఆలస్యం కానివ్వకండి.

ఇంకొకటి. నాటకం ముగిశాక రచన మిగులుతుంది, పాటలు మిగులుతాయి, నటుడి ఫొటో మిగులుతుంది. లైటింగ్‌లో ఏమీ మిగలదు. 'అంగార్' నీళ్ళు ఎలా పెరిగాయో ఇవాళ అడిగితే చూసినవాళ్ళ మాటలే ఆధారం. అందుకే ప్రతి సమాజం నుంచి లైటింగ్ క్యూ షీటు ఒక కాపీ తీసుకుని దాచండి. ఏ మాటకు ఏ లైటు, ఎంత సేపట్లో పెరిగింది, ఎంత సేపట్లో తగ్గింది అనే నాలుగు కాగితాలు. పదేళ్ళకు అది నేర్చుకునేవాళ్ళకు పాఠ్యపుస్తకం అవుతుంది. తెలుగులో ఈ విద్యకు పుస్తకాలు ఎంత తక్కువో మీకు తెలియంది కాదు.

చివరగా, ప్రదర్శనకు ముందు మైకులో మీరు చదివే పేర్ల సంగతి. రచన, దర్శకత్వం, పాత్రధారులు, సంగీతం, ఆహార్యం చదువుతారు. చాలాచోట్ల లైటింగ్ దగ్గరకు వచ్చేసరికి అద్దె షాపు పేరు చదువుతారు, లేదా అసలు చదవరు. వచ్చే సీజనుకు మీ ప్రవేశపత్రంలో ‘లైటింగ్ రూపకల్పన’ అని ఒక గడి పెట్టి, అందులో రాసిన పేరును మిగతా పేర్లతో పాటే చదవండి. సంక్రాంతి తరవాత పోటీలు పెట్టే పరిషత్తులు ప్రవేశపత్రాలు అచ్చువేసే ముందే ఈ మార్పు చేస్తే, ఆ గడి నింపి పంపే మొదటి సమాజం మాదే అవుతుంది.

నమస్కారాలతో,
మీ వేదికల మీద లైట్లు వేసే ఒక కార్యకర్త